పాలు లేని పాలకూర

ఒంగోలు పేరు చెప్పగానే ఎవరికైనా గిత్తలు గుర్తుకు వస్తాయి. తెల్లని ఒళ్ళు, పెద్ద మూపురం, చూడగానే నందీశ్వరుడే అనిపించే ఆ జాతి సముద్రాలు దాటి బ్రెజిల్ దేశం కూడా చేరింది. అక్కడ దానిని "నెలోర్" అంటారు. ఇటువంటి పశుసంపద గల సీమలో పాలు, పెరుగు, నెయ్యి లేని భోజనం గురించి మాట్లాడితే వినేవారు నవ్వవచ్చు.

కాని అటువంటి భోజనం చేసేవారు ప్రపంచంలో చాలామంది ఉన్నారు. 1944లో ఇంగ్లాండులో కొందరు ఒక సంఘంగా ఏర్పడి, మాంసమే గాక గుడ్లు, పాలు, వెన్న కూడా మానివేశారు. తమకు "వీగన్" అని పేరు పెట్టుకున్నారు. ఆ మాట మనకు కొత్తదే; ఆ తిండి మాత్రం అంత కొత్తది కాదు. అది మన ఊళ్ళో ఎంత దొరుకుతుందో చూద్దామని పిల్లలను వెంటబెట్టుకుని ఒంగోలులో రైతుబజారుకు వెళ్ళాము.

రైతుబజార్లు 1999 జనవరి 26న మొదలైనాయి. పండించినవాడే తెచ్చి అమ్ముతాడు, మధ్యలో దళారి ఉండడు. టోకు ధరకంటె కొంచెం ఎక్కువగాను, అంగడి ధరకంటె కొంచెం తక్కువగాను అక్కడ ధర కడతారు. అందుచేత అమ్మేవారికీ లాభమే, కొనేవారికీ లాభమే.

"జంతువులనుంచి రాని వస్తువులు ఏమేమి ఉన్నవో చెప్పండి చూద్దాం!" అని పిల్లలకు పందెం పెట్టాము.

వంకాయలు, దోసకాయలు, గోంగూర, చుక్కకూర, చింతపండు, మిరపకాయలు - అమ్మాయి గబగబా చెప్పుకుపోయింది. వీటితో పప్పు, పులుసు, పచ్చడి అన్నీ అవుతాయి. కందిపొడిలోకి నెయ్యి లేకపోతే ఎట్లా అని ఒకడికి సందేహం వచ్చింది. "నువ్వులనూనె లేదూ?" అన్నది అమ్మాయి.

అప్పుడు అందరిలోకీ చిన్నవాడు ఒక కట్ట చూపించి, "ఇది పనికిరాదు. ఇది పాలకూర, దీనిలో పాలుంటాయి!" అన్నాడు.

ఆకుకూరలు అమ్మే అవ్వ పకపకా నవ్వింది. "ఎంత పిండినా దాంట్లోంచి చుక్క పాలు రావు నాయనా! అది తాగింది మా కొత్తపట్నం నీళ్ళు."

"కొత్తపట్నం సముద్రం ఒడ్డున గదా ఉన్నది? అక్కడ నీళ్ళు ఉప్పగా ఉండవా, అవ్వా?" అని అడిగింది అమ్మాయి.

"వచ్చి తాగి చూడండి!" అన్నది అవ్వ.

(ఒక్క మాట: పాలు, గుడ్లు పూర్తిగా మానినవారికి బి12 అనే విటమిను చాలదు, దానిని వేరే తీసుకోవాలి. కాబట్టి పిల్లలు ఇంట్లో పెద్దలకూ వైద్యుడికీ చెప్పకుండా పాలు మానరాదు.)

కొత్తపట్నం ఒంగోలుకు తూర్పున, 20 కిలోమీటర్ల లోపే ఉన్నది. దారిలో బకింగ్‌హామ్ కాలువ దాటాలి. ఒకప్పుడు ఆ కాలువ మీద సరుకుల పడవలు మద్రాసు దాకా పోయేవి. కాలువ దాటాక నల్లరేగడి కనిపించదు, అంతా ఇసుకే. సరుగుడు తోపులు, తాటిచెట్లు, వాటి మధ్య పచ్చని ఆకుకూర మళ్ళు. దూరాన సముద్రపు హోరు వినిపిస్తూనే ఉంటుంది.

మడి పక్కనే ఇసుకలో ఒక గుంట ఉన్నది. దానిని దొరువు అంటారు. దాని నీళ్ళు దోసిట పట్టి తాగి చూస్తే ఏమాత్రం ఉప్పగా లేవు!

ఇది ఎట్లా సాధ్యం? వానలు కురిసినప్పుడు ఆ నీరు ఇసుకలోకి ఇంకుతుంది. అడుగున సముద్రపు ఉప్పునీరు ఉంటుంది. మంచినీటికంటె ఉప్పునీరు బరువు. అందుచేత మంచినీరు దానిమీద తేలుతూ నిలుస్తుంది. మీరు ఇంట్లోనే చూడవచ్చు. సగం గ్లాసు నీళ్ళలో బాగా ఉప్పు కలిపి, కొంచెం పసుపు వేయండి. పైన గరిటె అడ్డం పెట్టి మంచినీళ్ళు మెల్లగా పోయండి. కాసేపటివరకు రెండూ విడివిడిగానే ఉంటాయి.

ఈ సంగతిని 1889 ప్రాంతాల డచ్చి దేశీయుడు గైబెన్, 1901లో జర్మనీవాడు హెర్జ్‌బర్గ్ లెక్క కట్టి చెప్పారు. సముద్రమట్టానికి పైన 1 అడుగు మంచినీరు నిలిస్తే, కింద సుమారు 40 అడుగుల మంచినీరు ఉంటుంది. ఎంత గొప్ప లాభమో చూశారా! అయితే నష్టం కూడా అంతే. పైన 1 అడుగు తగ్గితే, కాలక్రమాన కిందనుంచి ఉప్పునీరు 40 అడుగులు పైకి జరుగుతుంది.

ఆ మడి రైతు పెద్దవాడు. "మా చిన్నప్పుడు రెండు చేతులా రెండు కుండలతో నీళ్ళు ముంచి పోసేవాళ్ళం. చేతులు నొప్పిపుడితే ఆపేవాళ్ళం. మోటారుకు నొప్పి తెలియదు గదా!" అన్నాడు.

ఆ మాటలోనే ప్రమాదమంతా ఉన్నది. లోతుగా గొట్టం దింపి ఆగకుండా తోడితే ఉప్పునీరు పైకి ఎగబాకుతుంది. ఉప్పెక్కిన మడిలో ఆకుకూర సరిగా పెరగదు. దీనికి బాపట్ల శాస్త్రజ్ఞులు ఒక ఉపాయం కనిపెట్టారు. నేలలో లోతుకు పోకుండా, చిల్లులున్న గొట్టాలను అడ్డంగా పాతుతారు. పై పొరలోని మంచినీరు మాత్రం వాటిలోకి ఊరి, మధ్యనున్న బావిలో చేరుతుంది. కింది ఉప్పునీరు కదలదు. దొరువు చేసే పనే ఇది, కాస్త పెద్ద ఎత్తున.

చిన్నవాడు దొరువులోకి తొంగిచూసి, "రేపు కూడా ఇందులో నీళ్ళుంటాయా?" అని అడిగాడు.

"ఇవాళ ఎంత తోడాలో తెలిస్తే ఉంటాయి, నాయనా" అన్నాడు రైతు.

పిల్లలూ, ఈసారి బజారుకు వెళ్ళినప్పుడు కూర ధర ఒక్కటే అడగకండి. అది ఏ నేలలో పండింది, ఏ నీళ్ళు తాగింది, ఆ నీళ్ళు వచ్చే ఏటికి కూడా మిగులుతాయా అని అడగండి. పండించినవారు ఎదురుగానే కూర్చుంటారు. అడిగితే సంతోషంగా చెబుతారు.