లోపలి తుప్పు

7 సెప్టెంబరు 2025, ఆదివారం, చింతలపూడి

బండి గొంతు మారింది. స్టార్ట్ చేస్తే టపటపా కొడుతోంది, యాక్సిలరేటర్ వదిలితే ఫట్‌మని పేలుతోంది. ఆ పేలుడే అసలు ఆనవాలు. ఎక్కడో బెజ్జం పడి బయటి గాలి లోపలికి చేరుతోందన్నమాట. చల్లారిన ఇంజన్ని స్టార్ట్ చేసి, తడిగుడ్డ మడతపెట్టి గొట్టం చివర ఒక్క క్షణం అదిమాను. ఫుట్‌రెస్ట్ కింద, బెండు పైపు మఫ్లర్‌లో కలిసేచోట బుస్సుమంది. అక్కడ పైనున్న నల్లరంగు చెక్కుచెదరలేదు. కాని వేలితో నొక్కితే రేకు అప్పడంలా విరిగింది.

8 సెప్టెంబరు, సోమవారం

బడి వదిలాక బస్టాండు దగ్గరి షెడ్డుకి తీసుకెళ్లాను. మెకానిక్ కుర్రాడు స్క్రూడ్రైవర్ పిడితో అక్కడక్కడా తట్టి చూశాడు. ఒకచోట ఖణేల్మంది, మరోచోట బొదబొదలాడింది.

“మాస్టారూ, ఇది బయట పట్టిన తుప్పు కాదండి. లోపల్నుంచి తినేసింది. మీరు ఇంటికీ బడికీ తప్ప బండి తియ్యరు కదండీ.”

నిజమే. బడి మూడు కిలోమీటర్లు కూడా లేదు. లీటరు పెట్రోలు కాలితే ఇంచుమించు లీటరు నీరు పుడుతుంది. దూరం నడిచే బండిలో అది ఆవిరిగానే బయటికి పోతుంది. సైలెన్సర్ కాగకముందే ఆపేసే బండిలో చెమర్చి, మఫ్లర్ అడుగున నిలబడిపోతుంది. పొగలోని ఆమ్లాలు ఆ నీటిలో కలుస్తాయి. తక్కువ తిరిగిన బండికి తక్కువ అరుగుదల అనుకుంటాం. సైలెన్సర్ విషయంలో అది తలకిందులు.

కొత్తది వేయాల్సిందే. అయితే 22 దాకా ఆగమన్నాడు. విడిభాగాల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగుతోంది. ఈ నెల 3న తీసుకున్న నిర్ణయం అప్పుడే షెడ్డు దాకా వచ్చేసింది. 128 రూపాయలయ్యే సరుకు 118కి వస్తుందంటే ఆగడమే మంచిది.

అందాకా గడవడానికి చిన్న అతుకు. ముందు బ్యాటరీ వైరు ఊడదీశాడు, వెల్డింగు కరెంటు ఇంజన్ కంప్యూటర్ (ఈసీయూ) లోకి పోకుండా. ఆక్సిజన్ సెన్సర్ విప్పి పక్కన పెట్టాడు. ఆర్క్ పెడితే పల్చటి రేకు కరిగి బెజ్జం ఇంకా పెద్దదవుతుందని, గ్యాసు మంటతో ఇత్తడి కడ్డీ కరిగించి పూశాడు. గట్టి రేకు తగిలేదాకా కుళ్లినదంతా గీకి మరీ అతికాడు. ఆ గీకడంలోనే ఉంది పనితనమంతా.

14 సెప్టెంబరు, ఆదివారం, కైకలూరు

బస్సులో అక్క వాళ్లింటికి వచ్చాను. బావ బండీ నా బండీ ఒకే కంపెనీవి, ఒకే ఏడాది కొన్నవి. ఆయన సైలెన్సర్ చూస్తే బయటంతా ఎర్రగా పొలుసులు లేచిపోయింది. చేపల ట్రేల నుంచి కారే నీళ్లు, చెరువు గట్ల బురద, ఉప్పుటేరు మీదుగా వేసవిలో పైకెక్కే ఉప్పు. కాని రోజంతా తిరిగే బండి కాబట్టి లోపల తడి నిలవదు. తట్టి చూశాను, అన్నిచోట్లా ఖణేల్మంది. వైరు బ్రష్‌తో తుప్పు గోకి, వేడికి ఆగే రంగు వేస్తే ఇంకా కొన్నేళ్లు వస్తుంది. చూడ్డానికి నాదే కొత్తది. పారేయాల్సిందీ నాదే.

మేనల్లుడి ఆలోచన వేరు. “ఎలాగూ తుప్పు పట్టింది కదా మావయ్యా, సౌండ్ సైలెన్సర్ వేయిద్దాం. పికప్ కూడా పెరుగుతుంది.”

కూచోబెట్టి చెప్పాను. ఇంజన్లో పోసే పెట్రోలు ఈ గొట్టానికి తగ్గట్టు కొలిచి పెట్టింది. గొట్టం మారిస్తే చప్పుడు పెరుగుతుంది, పికప్ పెరగదు. 80 నుంచి 175 సీసీ బండి కంపెనీ నుంచి 77 డెసిబెల్స్ లోపే మోగాలని నిబంధన. దానికి పది డెసిబెల్స్ కలిస్తే ధ్వనిశక్తి పదింతలవుతుంది. పైగా కంపెనీ సైలెన్సర్లో ప్లాటినం, పల్లాడియం, రోడియం పూసిన కన్వర్టర్ ఉంటుంది. కార్బన్ మోనాక్సైడునీ కాలకుండా మిగిలిన పెట్రోలు ఆవిరినీ అదే మారుస్తుంది. సౌండ్ గొట్టంలో అదేమీ ఉండదు. విశాఖలో పోలీసులు అలాంటి వాటిని కుప్పపోసి రోడ్డు రోలరుతో తొక్కించిన వీడియో వాడే నాకు చూపించాడు.

పోలీసుల మాట అటుంచితే, పక్కనే ఆటపాక. గూడబాతులు పిల్లల్ని పెంచుకునే చోటు. ఈ ఇంట్లో పసిపాప నిద్రపోతోంది. మన బండి చప్పుడు మనకంటే ఎక్కువ ఎదుటివాళ్లే వింటారు. వాడు సరేననలేదు, కాదనీ అనలేదు.

23 సెప్టెంబరు, మంగళవారం, చింతలపూడి

తగ్గిన ధరకే కంపెనీ సైలెన్సర్ దొరికింది. ఇంజన్ తలదగ్గరి నట్లకి నిన్న రాత్రే నూనె పట్టించి ఉంచాం. కుర్రాడు వాటిని కొంచెం వదులు చేసి, మళ్లీ బిగించి, మళ్లీ వదులు చేస్తూ తీశాడు. అల్యూమినియం హెడ్‌లో స్టడ్ విరిగితే సైలెన్సర్ కంటే పెద్ద ఖర్చు. పాత గ్యాస్కెట్ నలిగిపోయి ఉంటుంది, దాన్ని తిరిగి వాడకూడదు. కొత్తది పెట్టి, అన్ని బోల్టులూ ముందు వదులుగా పట్టించి, తలదగ్గర ఒకటి విడిచి ఒకటి బిగించి, వెనక క్లాంపు బోల్టు చివర్లో బిగించాడు. అది ముందే బిగిస్తే గొట్టం లాగినట్టుండి కొద్ది నెలల్లో చీలుతుందట. మొదటిసారి కాగినప్పుడు పొగ లేచింది. కంగారేం లేదు, పైన పూసిన నూనె కాలింది.

పాతది ఇమ్మంటే కన్వర్టర్ కోసం పాతసామాను వాళ్లు మంచి రేటిస్తారండీ అన్నాడు. అయినా అడిగి తెచ్చుకున్నాను.

3 అక్టోబరు, శుక్రవారం

దసరా సెలవుల తర్వాత బడి. మఫ్లర్ని నిలువునా కోయించి తొమ్మిదో తరగతికి పట్టుకెళ్లాను. కన్వర్టర్ ఉన్న ముక్కని కదపకుండా వదిలేశాం. లోపలి అడ్డపలకలు, వాటి మధ్య చిల్లుల గొట్టాలు, అడుగున గుప్పెడు తుప్పుపొడి. ముందు బెంచీ పిల్ల అడిగింది, “వానకి తడవకుండా నీళ్లెక్కడ్నుంచి వచ్చాయి సార్?” బోర్డు మీద ఆక్టేన్ సమీకరణం రాసి, రెండు వైపులా పరమాణువులు వాళ్లచేతే లెక్కపెట్టించాను. రెండు ఆక్టేన్ అణువులకి పద్దెనిమిది నీటి అణువులు. పీరియడ్ గంట కొట్టాక కూడా ఇద్దరు ఆ తుప్పుపొడిని కాగితంలో పొట్లం కడుతున్నారు.

ఆదివారం జంగారెడ్డిగూడెం దాకా వెళ్లిరావాలి. పనేం లేదు, సైలెన్సర్ ఆరడానికి.