పాత రీలుకు పెళ్లిమేళం

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో ఆమ్‌హెర్స్ట్ ఊరి చివర హాంప్‌షైర్ కాలేజీని ఆనుకుని ఒక ఆపిల్ తోట ఉంది. ఆ తోటలో చెక్కతో కట్టిన ఒక భవనం. దాని పైకప్పులు ఎత్తుపల్లాలుగా ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఉంటాయి. తూర్పు యూరప్ పల్లెల్లో యూదులు కట్టుకున్న చెక్క ప్రార్థనామందిరాల పోలిక అది. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ మందిరాలు దాదాపు మిగలకుండా పోయాయి. వాటిలో ప్రార్థన చేసుకుని, వాటి వాకిట్లోనే పెళ్లిళ్లు చేసుకున్న జనం ఇళ్లలో మాట్లాడుకున్న భాష యిడ్డిష్. ఆ భాష పుస్తకాలకు 1997 నుంచి ఈ తోటే ఇల్లు. దీన్ని యిడ్డిష్ బుక్ సెంటర్ అంటారు.

వేసవిలో పిల్లల దగ్గరికి అమెరికా వచ్చే మనవాళ్లు చూసే చోట్లలో ఇది ఉండదు. బోస్టన్ దగ్గర ఉండే మా అమ్మాయి, "నాన్నా, నీకు ఫిడేలంటే ప్రాణం కదా, అక్కడ క్లెజ్మర్ ఉత్సవం జరుగుతోంది, వెళ్దాం" అని టికెట్లు కొంది. ఏటా జూలైలో జరిగే ఆ ఉత్సవం పేరు యిడ్‌స్టాక్. 2012లో మొదలైంది. క్లెజ్మర్ అంటే తూర్పు యూరప్ యూదుల పెళ్లిమేళం. ఫిడేలు, క్లారినెట్, సంతూర్ లాంటి త్సింబల్, డప్పు, తర్వాతి రోజుల్లో వచ్చి చేరిన అకార్డియన్.

లోపలికి అడుగు పెడితే ముందు చూపు కిందికి పోతుంది. దిగువ అంతస్తులో పుస్తకాల అరలు బారులు తీరి ఉన్నాయి. మెట్లు దిగి వాటి మధ్య తిరగొచ్చు, చేత్తో తీసి చూడొచ్చు. అక్షరాలు హీబ్రూవి, కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. 1980లో ఆరన్ లాన్‌స్కీ అనే కుర్రాడు చదువు మధ్యలో ఉండగా ఈ పని ఎత్తుకున్నాడు. అప్పటికి వయసు ఇరవై నాలుగేళ్లు. పెద్దవాళ్లు పోయాక, ఆ భాష రాని పిల్లలు పుస్తకాల్ని చెత్తలో వేస్తున్నారని విని, వ్యాను వేసుకుని ఇంటింటికీ తిరిగాడు. యిడ్డిష్ పుస్తకాలు మొత్తం మీద ఓ డెబ్భై వేలు మిగిలి ఉంటాయని పండితులు అంచనా కట్టిన కాలం అది. ఆయన, ఆయన వెంట నడిచిన వాలంటీర్లు పోగుచేసినవి పది లక్షలు దాటాయి. వెళ్లిన ప్రతి ఇంట్లో ముసలివాళ్లు ముందు కూర్చోబెట్టి కడుపు నిండా తిండి పెట్టేవారట. ఆ తర్వాత పుస్తకాలు ఒక్కొక్కటే చేతిలో పెడుతూ, దాని కథ చెప్పి, అప్పుడు వదిలేవారట. పుస్తకాన్ని అలా అప్పగించడం అందరికీ తెలియదు. అది తెలిసిన మనుషులు వాళ్లు.

యుద్ధానికి ముందు కోటి మందికి పైగా మాట్లాడిన భాష ఇది. హిట్లర్ చంపించిన అరవై లక్షల మంది యూదుల్లో ఎక్కువమంది ఈ భాషవాళ్లే. ఇవాళ ఇది చనిపోయిన భాష అంటే మాత్రం ఒప్పుకోకూడదు. న్యూయార్క్‌లో ఆచారాలు కఠినంగా పాటించే హసిదిక్ యూదుల వీధుల్లో పిల్లలు ఇందులోనే ఆడుకుంటారు. పోయింది ఏమిటంటే ఆ పల్లెలు, ఆ నాటకశాలలు, ఆ సినిమా స్టూడియోలు, తాత నుంచి మనవడి దాకా ఒకే కుటుంబంలో వాయిస్తూ వచ్చిన ఆ మేళాలు.

ఉదయం ఫిడేలు నేర్పే క్లాసు ఉంటే వెనక బెంచీలో కూర్చున్నాను. నేర్పే ఆవిడకు నలభై ఏళ్లుంటాయి. ఎదురుగా పాతికమంది. పదేళ్ల పాప నుంచి రిటైరైన డాక్టర్ దాకా ఉన్నారు. అందరూ యూదులు కారు. ఆవిడ ముందు ఒక చిన్న వరస మామూలుగా వాయించింది. శుభ్రంగా ఉంది, ఏమీ అనిపించలేదు. అదే వరస రెండోసారి వాయించినప్పుడు స్వరం చివర గొంతు పూడుకుపోయినట్టు చిన్న విరుపు పడింది. దాన్ని క్రెఖ్త్స్ అంటారు. మూలుగు. ఎడమచేతి వేలు స్వరం మీద ఉండగానే, చిటికెన వేలు పై స్థానాన్ని అలా తాకీ తాకనట్టు తాకి లేస్తుంది. సరిగ్గా ఆ క్షణంలో కమాను ఒక్కసారి ముందుకు ఉరికి ఆగిపోతుంది. రెండూ కలిసి పడాలి. వేలు ఆలస్యమైతే వట్టి శబ్దం, కమాను ఆలస్యమైతే ఇంకో స్వరం. ఆ పాపకు ఎంతకీ పడలేదు. ఆవిడ వెళ్లి పక్కన మోకాళ్ల మీద కూర్చుని, పాప మణికట్టు పట్టుకుని కమాను తానే ఆపింది. పడింది! పాప ముఖం చూడాలి అప్పుడు.

స్వరలిపిలో ఈ మూలుగు ఉండదు. కాగితం మీద దీన్ని రాయబోతే మన గమకం రాసినట్టే ఉంటుంది. పక్కన కూర్చుని నేర్చుకోవాల్సిందే.

మధ్యాహ్నం డోయినా వాయించారు. తాళం లేని ఆలాపన అది. కింద అకార్డియన్ ఒకే శ్రుతి పట్టుకుని ఉంటే క్లారినెట్ తనకు తోచిన దారుల్లో తిరిగింది. నా పక్కన కూర్చుని మా అమ్మాయి, "ఇది మన రాగంలా ఉందే" అంది. ఆ పిల్ల అన్నది నిజమే. చిన్నప్పుడు సరళీ స్వరాలు నేర్చుకున్న మాయామాళవగౌళలో నిషాదం ఒక్కటి కిందికి దించండి. వచ్చేది వకుళాభరణం. క్లెజ్మర్‌వాళ్లు ఫ్రైగిష్ అని పిలిచే మెట్టు స్వరాలు అవే. వాళ్ల ఇంకో మెట్టుకు మన హేమవతి స్వరాలు. దీన్నిబట్టి మన సంగీతానికీ దానికీ చుట్టరికం ఉందని నేననను. స్వరస్థానాలు కలిసినంత మాత్రాన రాగం ఒకటి కాదు. అయినా ఎవరూ పరిచయం చేయకుండానే నా చెవి ఆ సంగీతాన్ని పోల్చుకుంది. డోయినా అయిపోగానే బుల్గార్ అందుకున్నారు. ఎనిమిది మాత్రల నాట్యం, తకిట తకిట తక. తొడ మీద తాళం వేయకుండా ఉండలేకపోయాను.

ఈ మూలుగు అమెరికాలో దాదాపు పోయినంత పని అయింది. నఫ్తులే బ్రాండ్‌వైన్, డేవ్ టారస్ అనే ఇద్దరు క్లారినెట్ దిగ్గజాలు తూర్పు యూరప్ నుంచి వలస వచ్చి, 1920లలో న్యూయార్క్‌లో గ్రామఫోను రికార్డులు ఇచ్చారు. తర్వాతి తరానికి ఆ పాటలు తాతల కాలం గోలగా తోచాయి. పెళ్లిళ్లలోకి స్వింగ్ అనే జాజ్ సంగీతం వచ్చింది, ఆపైన ఇజ్రాయెలీ పాటలు వచ్చాయి. బ్రాండ్‌వైన్ 1963లో పోయాడు. 1970లలో కొందరు కుర్రాళ్లు ఆ గీతలు పడ్డ రికార్డుల్ని మళ్లీ మళ్లీ తిప్పి విన్నారు. వాళ్లలో ఆండీ స్టాట్‌మన్ ఒక పని చేశాడు. రికార్డుతో ఆగకుండా, ఇంకా బతికున్న టారస్ దగ్గరికి వెళ్లి శిష్యుడయ్యాడు. 1978లో న్యూయార్క్‌లో ఆ ముసలాయనను మళ్లీ వేదికెక్కించారు, హాలు నిండిపోయింది. 1980లో బోస్టన్ సంగీత కళాశాలలో హాంకస్ నెట్‌స్కీ తన విద్యార్థులతో క్లెజ్మర్ కన్సర్వేటరీ బ్యాండ్ పెట్టాడు. టారస్ 1989 దాకా బతికాడు, తన క్లారినెట్లు కొన్ని స్టాట్‌మన్‌కే వదిలి వెళ్లాడు. ఓ పదిహేనేళ్లు ఆలస్యమై ఉంటే ఇక అడగడానికి మనిషి ఉండేవాడు కాడు. మన ఊళ్లలో పెళ్లిళ్లకు సన్నాయి తీసేసి డీజే పెడుతున్న ఈ రోజుల్లో ఇది విని నేను ఊరుకోలేకపోయాను. సన్నాయి పెద్దలు మనకింకా ఉన్నారు. వాళ్ల పక్కన కూర్చునే కుర్రాళ్లు కావాలి.

రాత్రి పెద్ద కచేరీలో ఎలక్ట్రిక్ గిటార్లు కూడా ఉన్నాయి. జనం ఊగిపోయారు. నాకు పగటి డోయినాయే నచ్చింది.

మర్నాడు దగ్గర్లోని ఒక ఊళ్లో మూకీ సినిమాకు ముగ్గురు ప్రత్యక్షంగా వాయిస్తారని తెలిసి వెళ్లాం. సినిమా పేరు 'తూర్పు పడమర'. 1923లో సిడ్నీ గోల్డిన్ వియన్నాలో తీశాడు. యిడ్డిష్ నాటకరంగం ముద్దుబిడ్డ మాలీ పికన్ ఇందులో అమెరికా నుంచి బంధువుల పెళ్లికి తూర్పు యూరప్‌లోని గలీషియా పల్లెకు వచ్చిన కొంటె పిల్ల. ఊరంతా ఉపవాసం ఉన్న రోజున దొంగతనంగా వంటింట్లో దూరి తింటుంది. సరదాకి ఉత్తుత్తి పెళ్లాట ఆడుతుంది. ఆట కాస్తా శాస్త్రప్రకారం నిజమైన పెళ్లయి కూర్చుంటుంది. వరుడు యూదు ధర్మగ్రంథాలు చదువుకునే సిగ్గరి విద్యార్థి. ఆ పాత్ర వేసిన జేకబ్ కాలిచ్ బయట ఆమెకు నిజంగానే భర్త.

ఈ సినిమా మనదాకా వచ్చిందంటే దాని వెనక చాలా చాకిరీ ఉంది. అప్పటి ఫిల్ము నైట్రేటుది. దానంతటది కుంచించుకుపోతుంది, జిగటగా కరిగిపోతుంది, నిప్పు తగిలితే ఆర్పినా ఆరదు. మసాచుసెట్స్‌లోనే బ్రాండైస్ విశ్వవిద్యాలయంలో 1976లో జాతీయ యూదు చలనచిత్ర కేంద్రం పెట్టారు. ముందుగా యిడ్డిష్ సినిమాల్ని కాపాడడమే దాని పని. దొరికిన రీళ్లను అతికి, కొత్త ఫిల్ము మీదికి ఎత్తి, ఇంగ్లీషు సబ్‌టైటిళ్లు వేస్తారు. 1937లో పోలండ్‌లో తీసిన 'డిబ్బుక్' లాంటి గొప్ప సినిమాను ఇవాళ చూడగలుగుతున్నామంటే ఇలాంటి పని వల్లే. ఆ సినిమా తీసిన రెండేళ్లకే యుద్ధం వచ్చింది. అందులో గుంపుల్లో కనిపించే మనుషుల్లో ఎందరో ఆ తర్వాత లేరు. 'తూర్పు పడమర' తీసిన కాలంలోనే మన రఘుపతి వెంకయ్య, ఆయన కొడుకు ప్రకాష్ మద్రాసులో 'భీష్మ ప్రతిజ్ఞ' తీశారు. చూద్దామంటే ఒక్క రీలు లేదు.

తెర మీద పెళ్లి మొదలైంది. ఆ ముగ్గురు వాద్యకారుల్లో ఫిడేలు ఆవిడ తెరను చూస్తూనే వాయిస్తోంది, నోట్సు వైపు కన్ను వేయలేదు. పెళ్లికూతుర్ని కూర్చోబెట్టి ఏడిపించే పాట ఒకటుంది వాళ్ల పెళ్లిళ్లలో. తెర మీద మాలీ వెక్కిరింపుగా ముఖం పెడుతుంటే, కింద ఈవిడ ఆ ఏడుపు వరసను నిజంగానే, మూలుగు మీద మూలుగు వేస్తూ వాయించింది. నవ్వుతున్న హాలు మెల్లగా నవ్వు తగ్గించింది. తర్వాత పెళ్లి నిజమైందని తేలే ఘట్టం వచ్చేసరికి మాకందరికీ ఆ సంగతి పాట ముందే చెప్పేసింది.

అయ్యాక వెళ్లి, ఆ పాట ఎక్కడిదని అడిగాను. ఫోను తీసి ఒక చేతిరాత పేజీ చూపించింది. కీవ్‌లో మోయిషే బెరెగోవ్‌స్కీ అనే పరిశోధకుడు యుద్ధానికి ముందు పల్లెల్లో తిరిగి మైనపు గొట్టాల మీద యూదుల సంగీతం రికార్డు చేశాడు. స్టాలిన్ ప్రభుత్వం 1950లో ఆయన్ని పట్టుకుని సైబీరియా శిబిరానికి పంపింది. ఆ గొట్టాలు పోయాయనే అందరూ అనుకున్నారు. 1990లలో కీవ్ వెర్నాడ్‌స్కీ గ్రంథాలయంలో బయటపడ్డాయి. ఆ గ్రంథాలయంలోనే పాత మేళగాళ్ల రాతప్రతులు కూడా ఉన్నాయి. మకొనొవెత్‌స్కీ అనే పల్లె ఫిడేలుకారుడి నోటుబుక్కు వాటిలో ఒకటి. ఆవిడ చూపించిన పేజీ అందులోదే. వాటి ఫొటోలను ప్రపంచం నలుమూలలా ఉన్న వాద్యకారులు ఇళ్లలో కూర్చుని పేజీకి ఇంతమంది చొప్పున కంప్యూటర్‌లోకి ఎక్కించారు. ఎవరైనా తీసుకుని ఉచితంగా వాయించుకోవచ్చు.

"ఈ పేజీ ఎక్కించింది నేనే" అంది ఆవిడ. "మూలుగులు ఇందులో రాసి లేవు. అవి మా గురువుగారి నుంచి వచ్చినవి."

అకార్డియన్ ఆయన పెట్టె సర్దుతూ, వచ్చే ఆదివారం బోస్టన్‌లో వాళ్లకు ఒక పెళ్లి ఉందని గుర్తుచేశాడు. ఆ పెళ్లివారు విందు అయ్యాక అతిథుల్ని ఇళ్లకు సాగనంపే పాట కూడా కావాలన్నారట. ఇద్దరూ అక్కడే నిలబడి, అదే నోటుబుక్కులో వెతకడం మొదలుపెట్టారు.