కదలని బల్ల

ఎండలు ముదిరినవన్న మా తిరుపతిలో మిద్దెలన్నియు సేమియాలతోను వడియములతోను నిండును. మా యింట చేతితో త్రిప్పు సేమియా మర కలదు. గట్టిగా కలిపిన పిండి బిళ్ల చిల్లులగుండ దిగవలెనన్న పిడిపై బలమంతయు పెట్టవలెను. ఆ బలము పిండితో నాగక, మరను బిగించిన బల్లను గూడ లాగివేయును. నేను కాపురమునకు వచ్చినది మొదలు మా అత్తగారు ఆ పొట్టి బల్ల రెండవ కొసను కూర్చుండి, తమ బరువుతో దానిని అణచిపట్టుచుండిరి. నిరుడు బల్ల జాఱి యామె క్రిందపడిరి, మణికట్టు విఱిగెను. “సరిగా కూర్చోలేదు, నాదే తప్పు” అని యామె పలుమాఱు లనుచుండ నాకు సిగ్గయ్యెను. మనిషి బరువుపై నిలుచు బల్ల యొక బల్లయా?

క్రొత్తబల్ల చేయింప నిశ్చయించి, నడవలో ముగ్గుపిండితో దానిని నిండు కొలతలతో గీసితిని. పొడవు 4 అడుగులు, వెడల్పు 1½ అడుగు; ఎత్తు, నిలుచుండి త్రిప్పునపుడు పిడి మోచేతికి సరిపడునట్లు, 28 అంగుళములు. బడినుండి వచ్చిన మావారు గీతలను దాటబోయి యాగి, “నేడేమి పండుగ?” అనిరి.

ఇక కలప. “ఎర్రచందనంతో చేద్దామా అమ్మా?” అని వడ్రంగి నవ్వెను. మా శేషాచలపు సొత్తగు ఆ చెట్టుపై 1995 నుండి అంతర్జాతీయ వర్తకమునందును కట్టుబాట్లున్నవి; బల్లకంటె ముందు అటవీశాఖవారే మా గడప త్రొక్కెదరు! చిన్ననాడు నాయనగారు నాచే బృహత్సంహిత చదివించిరి. అందు వరాహమిహిరుడు మంచములకును పీఠములకును తగిన మ్రాకులలో అసనమును చెప్పినాడు. అది మన వేగిసయే. ఈ కొండలలో పెరుగునదే. పుట్టినింటిలో పాత యిల్లు విప్పినపుడు మిగిలిన వేగిస ద్వారబంధము నాకు జ్ఞప్తికి వచ్చెను. ఏండ్ల తరబడి యాఱిన కొయ్య యిక వంకర తిరుగదు.

కాళ్లు 3 అంగుళముల చదరపువి. అడుగున కొంచెము వెలికి చాచినవి. పై బలము ప్రక్కకు త్రోయునపుడు అడుగు వెడల్పైననే బల్ల ఒరగకుండును. వడ్రంగి మేకులు కొట్టెదననెను. ఊగిన కొలది మేకు తన రంధ్రమును తానే పెద్దది చేసికొనునని వాదించి, కుసియు బెజ్జమును పెట్టించితిని. అయితే నేనును తప్పితిని. మరను బిగించుటకు పైపలకను కాళ్లకు వెలుపల 8 అంగుళములు చాపి గీసియుంటిని. “అంత చాపితే ఆ కొసను నొక్కగానే ఈ కొస లేస్తుందమ్మా” అని అతడు చేతితో నొక్కి చూపగా, 4 అంగుళములకు తగ్గించితిని. క్రింద అడ్డపట్టీలపై పలక వేయించి, మూలబడియున్న అత్తగారి తిరుగలి రాళ్లు రెండును దానిపై పెట్టించితిని. బరువు క్రింద నుండవలెను గాని పైన గాదు.

మొన్న మర బిగించి త్రిప్పితిని. బల్లపై చెంబులోని నీరు వణికినదే గాని కాళ్లు కదలలేదు. అత్తగారు కొంతసేపు చూచి, “ఇంక నాతో పనిలేదన్నమాట” అనిరి. నేను గీసిన కొలతలలో ఈ మాట లేదు. వెంటనే కత్తెర యామె చేతికిచ్చి, దిగుచున్న పోగులను కత్తిరించి కఱ్ఱపై వేయుడంటిని. రెండు వరుసలు వేసిరి. పిదప కత్తెర ప్రక్కన పెట్టి, బల్ల రెండవ కొసకు పోయి, దానిపై రెండు చేతులును మోపి నిలిచి, “తిప్పవే, చూస్తాను” అనిరి.