పెచ్చులూడిన గోడ

వానకాలం వెళ్లినంక సిరిసిల్ల జిల్లా గంభీరావుపేటలో పాత ఇండ్ల గోడలు చూస్తే, ఆ ఏడు వాన ఎటు నుంచి కొట్టిందో తెలిసిపోతుంది. కొట్టిన వైపు పెచ్చులు లేచి ఉంటాయి. చూరు కింద పెంక జరిగిన చోట నీళ్ల చారలుంటాయి. అడుగున మూరెడు ఎత్తున తేమ ఎక్కి సున్నం పొడిపొడిగా రాలుతుంటుంది. 2025 ఆగస్టు చివర్లో ఈ మండలంలోనే నర్మాల దగ్గర మానేరు వరదలో చిక్కిన రైతుల్ని హెలికాప్టర్లతో కాపాడాల్సి వచ్చింది. అంతటి వానల్లో మట్టిగోడకు దెబ్బ తగలకుండా ఉంటుందా?

దెబ్బ తగలగానే మనం సిమెంటు సంచి తెస్తాం. అదే గోడను చంపుతుంది. మట్టిగోడ నేలలోని తేమను పీల్చుకొని గాలికి వదిలేస్తుంది. మీద సిమెంటు పూస్తే ఆ తేమకు బయటికి దారి ఉండదు. లోపలి మట్టి మెత్తబడి పైపొర గోడను వదిలేస్తుంది. వేలితో కొట్టి చూడండి, డొల్లగా మోగుతుంది. కొన్ని వానలకు అది పలకలుగా ఊడి, మట్టినీ పెకిలించుకొని పోతుంది.

మన అవ్వలకు ఈ పని తెలుసు. ముందు చూరు సరిచేయాలి, నీళ్లు కారే దారి మూయకుండా గోడను ముట్టుకొని లాభం లేదు. వదులైన మట్టిని గట్టి మట్టి తగిలే దాకా గీకేయాలి. పుట్టమన్నో ఎర్రమట్టో తెచ్చి, వరిగడ్డి తుంపులు, ఊక కలిపి తొక్కి కొన్నాళ్లు నాననివ్వాలి. మట్టి ఎండుతూ ముడుచుకుంటుంది, పగుళ్లు రాకుండా పట్టి ఉంచేది ఆ గడ్డే. పూసే ముందు పాత గోడను నీళ్లతో తడపాలి. చాలామంది మరిచిపోయేది ఇదే. ఎండుగోడ కొత్త మట్టిలోని నీళ్లన్నీ గుంజుకుంటుంది, అతుకు ఊడిపోతుంది. గుంట లోతైతే ఒక్కసారే నింపొద్దు, పలుచటి పొర ఆరినంకనే ఇంకొకటి వేయాలి. చివరకు పేడ కలిపిన మెత్తటి మట్టితో అలికి, ఆరినంక సున్నం కొట్టాలి. గాలి తగిలి ఆ సున్నం మళ్లీ సున్నపురాయిగా మారుతుంది, అయినా గోడ తేమను బిగబట్టదు.

ఏ గోడకు దాని సరుకే అతకాలన్నది మనవాళ్లకు కొత్త కాదు. సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్లలో జిప్సం బోర్డు గోడల పని తెలిసినవాళ్లున్నారు. బోర్డుకు బొక్క పడితే నలిగినంత మేర చదరంగా కోసి, వెనక చెక్కముక్క ఆసరా పెట్టి, అదే కొలత బోర్డు ముక్క బిగిస్తారు. అతుకు మీద టేపు అంటించి, పుట్టీ పలుచగా పూసి, పూతపూతకూ ఆరనిచ్చి, గరుకు కాగితంతో రుద్దుతారు. బోర్డుకు బోర్డే అతుకుతారు. పరాయి దేశంలో అంత జాగ్రత్తగా పాటించే పద్ధతిని ఇంటికొచ్చి మట్టిగోడ దగ్గర ఎందుకు వదిలేయాలి?

పాతిల్లు కూల్చి స్లాబు వేసుకునేవాళ్లను ఆపమనను. ఉన్నింట్లోనే ఉండేవాళ్లు మాత్రం, వానలు ఆగి ఎండ ముదరని రోజుల్లో, ఊళ్లో మట్టిగోడలు పెట్టిన పెద్దమనిషి ఇంకా ఉంటే పిలిపించుకోండి. పని జరిగేటప్పుడు పిల్లల్ని పక్కన ఉంచండి. కూలి మాత్రం సిమెంటు మేస్త్రీకి ఇచ్చినంత ఇవ్వండి.