ఖబూరా గదిలో ఉద్దానం సభ

ఒమన్‌లో మస్కట్ నుంచి బాతినా తీరం వెంట వాయవ్యంగా రెండు గంటలు పోతే ఖబూరా. సువైక్ దాటాక, సహమ్ రాకముందు. రోడ్డుకు ఎడమ పక్క దూరాన హజర్ కొండలు, కుడి పక్క ఖర్జూర తోటలు, తోటల వెనక సముద్రం. నేను వెళ్ళింది శుక్రవారం పొద్దున్న. సెలవు రోజు కాబట్టి ఊరింకా పూర్తిగా లేవలేదు. టీ దుకాణం దగ్గర నాకోసం నిలబడ్డ మనిషి దూరం నుంచే "మాస్టారూ" అని కేకేశాడు. నా దగ్గర పదో తరగతి చదివినవాడు. మందస వైపు ఊరు. ఎనిమిదేళ్ళుగా ఇక్కడ ఏసీ మెకానిక్కు.

నేను మస్కట్‌లో మా అమ్మాయి ఇంటికొచ్చానని తెలిసి తనే ఫోన్ చేశాడు. "శుక్రవారం రండి మాస్టారూ. మనోళ్ళందరూ మా రూములోనే కూడతారు. ఎయిర్‌పోర్టు సంగతి మాట్లాడితే తేలేది కాదు గానీ, మాట్లాడకపోతే మనసు నిలబడదు" అన్నాడు. ఆ మాట మీద బయల్దేరాను.

ఎయిర్‌పోర్టంటే ఖబూరాది కాదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలోని మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో, పలాసకు దగ్గర్లో కడతామంటున్న కార్గో విమానాశ్రయం. పధ్నాలుగు వందల ఎకరాల దాకా కావాలన్న వార్తలు వచ్చినప్పటి నుంచి, 2025 అంతా ఆ ఊళ్ళలో సభలు, ర్యాలీలు, నిరసనలు. కేంద్ర పౌర విమానయాన మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు మా జిల్లా ఎంపీయే. ఇన్నాళ్ళకు జిల్లాకు పెద్ద పని వచ్చిందని సంతోషించేవాళ్ళు ఉన్నారు. తోట పోతే మేమెక్కడికి పోతామని అడిగేవాళ్ళు ఉన్నారు. ఒక్కోచోట ఇద్దరూ ఒకే ఇంట్లో ఉన్నారు.

ఖబూరాలో మా వాడి గదిలో ఆరు మంచాలు, పది మంది మనుషులు. పొయ్యి మీద ఎండు చేపల పులుసు. మంచినీళ్ళ క్యానుకు ఆనించి ఒక ఫోను నిలబెట్టారు. అందులో జీడిచెట్టు కింద మనవాళ్ళు కూర్చుని ఉన్నారు. ఇక్కడ పది, అక్కడ పదకొండున్నర. ఊళ్ళో మీటింగు నడుస్తుంటే ఇక్కడ వీళ్ళు వింటున్నారు. మధ్యలో ఎవరో ఒకరు ఫోను దగ్గరకు వంగి "ఆ సర్వే నంబరు మళ్ళీ సెప్పు" అంటున్నారు. చెట్టు కిందివాళ్ళకు అది వినపడదు. గాలి గోల, పిల్లల గోల. ఆ నంబరు మళ్ళీ ఎవరూ చెప్పలేదు.

పోరాటం గురించి పత్రికల్లో చదువుతున్నప్పుడు నాకు తట్టనిది అక్కడ కనపడింది. ఉద్దానంలో చాలా ఇళ్ళకు ఒక మనిషి బయట ఉంటాడు. హైదరాబాదులోనో, ముంబయిలోనో, గల్ఫులోనో. భూమి కాగితం మీద ఉన్న పేరు తరచుగా ఆ మనిషిదే. గ్రామసభలో చెయ్యెత్తడానికి అతను ఉండడు. సభకు రానివాడికి అభ్యంతరం లేదని ఎవరైనా రాసుకుంటే, మరునాడు కాదనడానికీ ఉండడు.

గదిలో వయసులో పెద్దాయన ఖర్జూర తోటలో పని చేస్తాడు. చేతులు చూస్తే చెప్పక్కర్లేదు. "నానొకటడుగుతాను మాస్టారూ" అని మొదలుపెట్టాడు. "తిత్లీకి మా తోట ఒక్క రాత్రిలో పడిపోనాది. కొబ్బరి, జీడి, పనస అంతా. మీకూ తెలుసు. అప్పులు సేసి మళ్ళీ ఏసినాం. ఇప్పుడిప్పుడే కాపుకొస్తన్నాది. ఇప్పుడొచ్చి కొట్టీమంటే ఏటి సెయ్యాల?"

తిత్లీ తుపాను తీరం దాటింది 2018 అక్టోబరు 11న. నాటు కొబ్బరి మొక్క కాపుకు రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది. లెక్క వేసుకోండి. తుపాను తర్వాత నాటిన చెట్టు గెల వేసే సంవత్సరంలోనే విమానాశ్రయం మాట ఊళ్ళోకి వచ్చింది. పరిహారం పట్టికలో చెట్టుకింత అని రాస్తారు. ఏడేళ్ళు నీళ్ళు మోసిన ఆడవాళ్ళ నడుముకు అందులో గడి ఉండదు.

మంచం మీద పడుకుని వింటున్న కుర్రాడు లేచి కూర్చున్నాడు. ఇరవై నాలుగేళ్ళుంటాయేమో. వెల్డరు. "తోట తిండి పెడితే నువ్విక్కడికెందుకొచ్చినావు బావా?"

గది నిశ్శబ్దమైపోయింది. పులుసు ఉడుకుతున్న చప్పుడొక్కటే. పెద్దాయన కాసేపటికి అన్నాడు: "తోటే నన్ను పంపింది. వీసాకి కట్టిన డబ్బు జీడిపిక్కలమ్మిందే కదా."

ఆ జవాబు గొప్పదే. అయినా కుర్రాడి ప్రశ్న అక్కడితో తీరిపోలేదు, తీరకూడదు కూడా. పాతికేళ్ళలోపు పిల్లలకు జిల్లాలో పని లేదు. సంతబొమ్మాళి మండలంలో మూలపేట రేవు కడుతున్నారు, దానికి విమానాశ్రయం తోడైతే గోడౌన్లు, లారీలు, కంపెనీలు వస్తాయని అతని ఆశ. కిడ్నీ జబ్బున్న తండ్రిని డయాలసిస్‌కు తిప్పుతున్న అన్నకు నెలనెలా డబ్బు పంపే పిల్లవాడు అతను. అభివృద్ధి అంటే అతనికి ఉపన్యాసం కాదు, ఇంటికి దగ్గరగా దొరికే జీతం. భూమి నిలబడాలని కోరుకునే మనం అతనికి ఏదో ఒక సమాధానం ఇవ్వగలగాలి. నా దగ్గర లేదు. అది నన్ను బాధపెట్టింది.

సోహార్ రేవులో పని చేసే ఇంకొకాయన ఓపిగ్గా అందుకున్నాడు. "కార్గో కార్గో అంటన్నారు. కొబ్బరికాయ ఇమానం ఎక్కదు తమ్మీ. పలాస ఫ్యాక్టరీలకి ఆఫ్రికా నుంచి పిక్కలొస్తాయి, ఓడలోనే. రొయ్య గడ్డకట్టించి పంపుతారు, అదీ ఓడలోనే. ఇమానంలో పోయేది మందులు, ఫోన్లు, తొందర సరుకులు. అవి మనూళ్ళో ఎక్కడ తయారవుతున్నాయి?" కుర్రాడు వెంటనే, "తయారవ్వాలంటే ముందు ఏదోటి రావాల కదా" అన్నాడు. ఇద్దరూ తప్పు మాట్లాడలేదు.

మరి వచ్చాక నిలుస్తుందా అన్నది నా ప్రశ్న. చిన్న ఊళ్ళకు విమానాలు నడిపే ఉడాన్ పథకం మీద కాగ్ 2023లో నివేదిక ఇచ్చింది. అప్పటికి కేటాయించిన 774 మార్గాల్లో మొదలైనవి 371. మూడేళ్ళ గడువు పూర్తి చేసినవి 112. అంటే ఆ మార్గాల్లో చాలావాటిలో విమానం కొన్నాళ్ళు తిరిగి ఆగిపోయింది, లేదా అసలు రాలేదు. పోయిన నేల మాత్రం తిరిగి ఊరికి రాదు. ఖబూరాకు గంట దూరంలో సోహార్‌లో చక్కటి విమానాశ్రయం ఉంది. ఈ పది మందిలో అక్కడ విమానం ఎక్కి ఇంటికెళ్ళినవాళ్ళు ఒక్కరూ లేరు. అందరూ మస్కట్ పోయి, హైదరాబాదులో దిగి, అక్కణ్ణుంచి రైల్లోనో బస్సులోనో పలాస చేరతారు. రేపు భోగాపురంలో అల్లూరి సీతారామరాజు విమానాశ్రయం పూర్తిగా నడిస్తే ఆ దూరం ఎలాగూ తగ్గుతుంది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక పెద్దాయన నన్ను తను పని చేసే తోటకు తీసుకెళ్ళాడు. ఖబూరాలో తోటలన్నీ సముద్రానికి సమాంతరంగా సన్నటి పట్టీలా ఉంటాయి. ఖర్జూరం, నిమ్మ, అక్కడక్కడ మామిడి. నీళ్ళు తోడి తోడి సముద్రపు ఉప్పు భూమిలోకి ఎక్కింది. ఒడ్డు వైపు చెట్లు తల వేలేసి ఉన్నాయి. ఒక ఖర్జూరం మొదట్లో ఛాతీ ఎత్తున బురద మరక చూపించాడు. "షహీన్‌ది" అన్నాడు.

2021 సెప్టెంబరు 26 రాత్రి గులాబ్ తుపాను కళింగపట్నానికి ఉత్తరాన మా జిల్లాలో తీరం దాటింది. దాటి చావలేదు. దేశం అడ్డంగా నడిచి, అరేబియా సముద్రంలో దిగి, అక్కడ మళ్ళీ బలం తెచ్చుకుని షహీన్ అనే కొత్త పేరుతో అక్టోబరు 3న ఈ బాతినా తీరాన్ని కొట్టింది. ఏడాదంతా కలిపి వంద మిల్లీమీటర్ల వాన పడితే ఎక్కువనుకునే చోట, ఖబూరాలో ఆ ఒక్క తుపానుకే మూడు వందల మిల్లీమీటర్లకు పైగా పడింది. వాదులు అనే ఎండు వాగులు పొంగి ఊరు మునిగింది. "ఆదివారం మా ఇంటిది ఫోన్ సేసి కొబ్బరిచెట్లు ఇరిగాయని ఏడిసింది. మళ్ళీ ఆదివారానికి అదే గాలి నన్ను ఎతుక్కుంటా ఇక్కడికొచ్చినాది" అన్నాడు. ఎన్నిసార్లు చెప్పుకున్నాడో ఆ మాట, గొంతు మాత్రం అప్పుడే జరిగినట్టు వణికింది. నేను చెట్టు మీది మరకను చేత్తో తాకి చూశాను.

ఒడ్డున పడవ దగ్గర కూర్చున్న ఒమనీ ముసలాయన సలాం చెప్పి కాఫీ పోశాడు. బాతినా తీరం పొడవునా సముద్రం పక్క రోడ్డు ప్రాజెక్టు కోసం ఒడ్డున ఉన్న కుటుంబాలను లోపలికి తరలించి స్థలాలు, ఇళ్ళు ఇచ్చారు. మాతో వచ్చిన నా పాత విద్యార్థి తర్జుమా చేశాడు: కొత్త ఇల్లు పెద్దదేనట, గదులు ఎక్కువేనట. కిటికీలోంచి పడవ కనపడదట.

మా వాదనలో ఇది సాక్ష్యంగా నిలుస్తుందని కాదు. కానీ ఆ ఇసుక ఒడ్డును మ్యాపులో చూస్తే ఖాళీగానే ఉంటుంది. వల ఆరేసుకునే చోటుకు మ్యాపులో గుర్తుండదు. మా జిల్లాలో సోంపేట బీల అనే చిత్తడి నేల సంగతీ ఇదే. ప్రభుత్వ కాగితాల్లో అది పనికిరాని భూమి. ఆ చుట్టుపక్కల బళ్ళలో పని చేసిన నాకు తెలుసు, దానిలో నీళ్ళు పొలాలకు, చేప బెస్తవాళ్ళకు, గడ్డి పశువులకు. ఆ బీలను థర్మల్ విద్యుత్ కేంద్రానికి ఇచ్చినందుకే 2010 జూలై 14న జనం అడ్డం నిలబడ్డారు, పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అదే రోజు పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్రాజెక్టు అనుమతిని రద్దు చేసింది. ఒక్క రోజు ముందు చేసి ఉంటే అని ఇప్పటికీ అనిపిస్తుంది.

సాయంత్రం గదికి తిరిగొచ్చేసరికి వాదన కౌలు మీదికి మళ్ళింది. లెక్కలు తెలిసిన ఒకతను, దుకాణంలో గుమాస్తా, కొత్త దారి చెప్పాడు. "అమ్మకం వద్దు. కౌలుకిద్దాం. ఇక్కడ ఒమన్ గవర్నమెంటు తన నేల కంపెనీకి ఇచ్చినా వాడుకోడానికే ఇస్తాది, గడువు పెట్టి. సొంతం అలాగే ఉంటాది. అమరావతిలోనూ ఏటా కౌలు ఇచ్చారు కదా." అమరావతిలో రాజధానికి భూమి ఇచ్చినవాళ్ళకు ఎకరా మెట్టకు 30 వేలు, జరీబుకు 50 వేలు, ఏటా పది శాతం పెంచుతూ పదేళ్ళు. అది నిజం. కానీ అది భూమి ఇచ్చేశాక చెల్లించే కౌలు, భూమి తిరిగొచ్చే కౌలు కాదు. పైగా రన్‌వే వేసిన నేల ముప్పై ఏళ్ళ తర్వాత చేతికొస్తే దానిలో జీడిమొక్క వేరు దిగుతుందా?

ఇంకో చిక్కు ఉంది. అందరికీ జిరాయితీ, అంటే సొంత హక్కున్న భూమి, లేదు. కొందరివి ప్రభుత్వం ఇచ్చిన డి-పట్టాలు. కొందరివి తాతల నాటి నుంచి సాగు చేస్తున్న బంజరు, గయాళు. చెట్లు వీళ్ళవి, నేల సర్కారుది. ప్రభుత్వం ఆ నేలను కౌలుకిస్తే కౌలు డబ్బు ఎవరికి? ఈ ప్రశ్న అడిగింది అంతసేపూ నోరు విప్పని మనిషి. అతనికి ఒకటిన్నర ఎకరా, కాగితం లేదు. గుమాస్తా జవాబు చెప్పలేక ఫోను వైపు చూశాడు.

నా అభిప్రాయం దాచుకోను. ఉమ్మడి భూమిని కౌలుకు ఇవ్వాలన్నా, సాగుభూమిని తీసుకోవాలన్నా, దాని మీద బతికేవాళ్ళ పేర్లు ముందు రాయాలి. పట్టా ఉన్నా లేకపోయినా, ఊళ్ళో ఉన్నా ఖబూరాలో ఉన్నా. 2013 భూసేకరణ చట్టం ప్రైవేటు కంపెనీకైతే 80 శాతం, ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్యానికైతే 70 శాతం కుటుంబాల సమ్మతి కావాలంది. సామాజిక ప్రభావ అధ్యయనం చెయ్యమంది. ప్రాథమిక నోటిఫికేషన్ తర్వాత అభ్యంతరానికి అరవై రోజులిచ్చింది. ఈ మాటలు గదిలో విడమరచి చెబితే, వెల్డరు కుర్రాడు కూడా "అయితే నన్నూ అడగాల" అన్నాడు. అనుకూలంగా చెప్పేవాడికీ ఆ హక్కు కావాలి.

తర్వాత గంటసేపు కాగితాల పని. నాకు నచ్చిన గంట అదే. ఊళ్ళో తన తరఫున నిలబడటానికి పెద్దాయన తమ్ముడికి అధికార పత్రం (పవర్ ఆఫ్ అటార్నీ) ఇవ్వాలి. అది ఇక్కడ రాసి, మస్కట్‌లో మన రాయబార కార్యాలయం ద్వారా ధ్రువీకరణ చేయించి, ఇండియా చేరాక మూడు నెలల్లో స్టాంపు వేయించుకోవాలి. శుక్ర శనివారాలు ఆఫీసులుండవు. ఆదివారం వెళ్ళాలంటే తోట యజమాని సెలవివ్వాలి, ఒక రోజు కూలి పోతుంది, బండి ఖర్చు వేరు. నేను తెల్ల కాగితం మీద పేరు, తండ్రి పేరు, గ్రామం రాశాను. సర్వే నంబరు దగ్గర ఆగాను. పెద్దాయన ఇంటికి ఫోన్ చేశాడు. భార్య పట్టాదారు పుస్తకం వెతకడానికి లోపలికెళ్ళింది. ఫోనులో ఖాళీ అరుగు, అరుగు మీద ఆరబోసిన జీడిపిక్కలు కనపడుతున్నాయి. కుర్రాడు మంచం మీంచి దిగివచ్చి, పెద్దాయన చొక్కా తీసుకుని ఇస్త్రీ పెట్టె ప్లగ్గు పెట్టాడు.

"ఆదివారం నాను తోడొస్తాను బావా" అన్నాడు.