చెరువు లేని చెరువుగట్టు

చెన్నపట్నం వచ్చిన మన బంధువులందరూ త్యాగరాయనగరు చూచి వెళ్తారు. పానగల్ పార్కు దగ్గరి అంగళ్ళలో పట్టుచీరలు బేరమాడి, పాండీబజారులో 2019లో తీర్చిన వెడల్పాటి కాలిబాట మీద నడిచి, కాఫీ త్రాగి, మూటలతో రైలెక్కుతారు. రైలుకట్టకు ఆవలనున్న పడమటి మాంబళంలోకి వచ్చేవారు అరుదు. “అక్కడ చూడదగినదేమున్నదండీ?” అని ఒక మిత్రుడు అడిగినాడు. కోట లేదు, సముద్రం లేదు. ఒక వీథిని ఆ వీథివారే ఎట్లా చూసుకొంటున్నారో తెలియాలంటే మాత్రం అక్కడికి వెళ్ళవలసినదే. ఇటీవల మూడు రోజులు అక్కడ వున్నాను. చూచినది చూచినట్టు వ్రాస్తున్నాను.

ముందు ఆ నేల కథ కొంచెం చెప్పాలి. నూరేళ్ళ క్రిందట అక్కడొక పెద్ద చెరువుండేది. నుంగంబాకం నుంచి సైదాపేట వైపు చంద్రవంక వలె సాగిన ఆ చెరువును ఇంగ్లీషువారు లాంగ్ టాంక్ అనేవారు. ఊరు పెరిగి ఇళ్ళకు చోటు చాలక, 1923 ప్రాంతాన దాని నీళ్ళు వదలివేసి, ఆ నేల మీద పేట కట్టడం మొదలుపెట్టినారు. అప్పుడు మద్రాసు మంత్రివర్గానికి పెద్దగా వున్న పానగల్ రాజా రామరాయనింగారు తెలుగువారు. ఎవరి పేర త్యాగరాయనగరు వెలసినదో ఆ పిట్టి త్యాగరాయ చెట్టిగారూ తెలుగువారే. 1688లో పుట్టిన చెన్నపట్నం కార్పొరేషనుకు అధ్యక్షుడైన మొదటి అనధికారి ఆయన. ఇది చెప్పుకొని మనం మీసం దువ్వుకోవచ్చు.

కాని చెరువు తన చోటు మరచిపోలేదు. పడమటి మాంబళంలో లేక్ వ్యూ రోడ్డు నేటికీ వున్నది. చూద్దామంటే చెరువు లేదు. గట్టి వాన కురిస్తే రైలుకట్ట క్రింది దురైసామి సబ్‌వేలో నీళ్ళు నిలుస్తవి, ఇటువారు ఇటూ అటువారు అటూ ఆగిపోతారు. పడమటి మాంబళమంటే దోమలకూ బోదకాలుకూ పేరుమోసిన పేట అని పాతకాలపువారందరికీ తెలుసు. బోదకాలు దోమ మురుగునీటిలో పెరుగుతుంది. తన వాకిలి ముందు ఎవరెంత కడుక్కొన్నా, పొరుగింటి ముందు మురుగు నిలిస్తే లాభం లేదు. వీథి కమిటీ అనేది అక్కరకు వచ్చేది ఇక్కడనే.

నేను దిగిన వీథిలో సుమారు ఎనభై కాపురాలు. కమిటీ సెక్రటరీ నాకు వదిన వరుస. ఉదయం ఆరుగంటలకే చేతిలో నోటుబుక్కుతో వీథి చివరిదాకా ఒకసారి నడిచి వస్తుంది. “ఏమయ్యా మరిదీ, పట్నం చూస్తానని వచ్చి పడుకొన్నావా? లే, మా మురుగుకాలువ చూపిస్తాను” అన్నది. అంతకంటె మంచి ఆహ్వానం నాకెవరూ ఇవ్వలేదు!

ఈ కమిటీల పుట్టుక ఆసక్తి గలది. 1989లో ఎం.బి. నిర్మల్ అనే బ్యాంకు ఉద్యోగి చెన్నపట్నంలో ఎక్స్‌నోరా అనే సంస్థ నెలకొల్పినారు. దాని పద్ధతి సులభమైనది. వీథికొక సంఘం, ఇంటింటికీ కొద్దిపాటి నెలచందా, ఆ చందాతో ఒక మనిషికి జీతమిచ్చి, మూడుచక్రాల బండి మీద ప్రతి వాకిట చెత్త తీయించి, కార్పొరేషను తొట్టెకు చేర్చడం. ఆ మనిషిని ‘వీథికి అందం తెచ్చేవాడు’ అనే అర్థంలో ‘స్ట్రీట్ బ్యూటిఫైయర్’ అనేవారు. చెత్తకుప్పలు పోయినచోట ముగ్గులు వేసినారు, మొక్కలు నాటినారు. చాలా వీథులలో ఈ పద్ధతి పాకినది.

2000లో నగరంలోని 10 మండలాలలో మూడింటి చెత్త ఎత్తే పనిని కార్పొరేషను ఒక ప్రైవేటు కంపెనీకి ఇచ్చినది. కంపెనీ బండి వాకిటికి వచ్చినాక చందా ఎందుకని అడిగేవారు ఎక్కువైనారు. అనేక సంఘాలు సన్నగిల్లినవి. చెత్త ఎత్తడమే కమిటీ అనుకొన్నవి మూతబడినవి. మా వదినగారి కమిటీ మాత్రం నిలిచినది. కారణమడిగితే, “మేము ఎత్తడం మానినాము గాని అడగడం మానలేదు” అన్నది. వెలగని దీపం, విరిగిన కాలువ మూత, నిలిచిన నీరు, అన్నీ తేదీలతో నోటుబుక్కులో వుంటవి. కార్పొరేషను ఫిర్యాదుల నంబరు 1913. ఫిర్యాదు సంఖ్య వ్రాసుకొంటుంది. పని జరిగినదాకా ఆ వరుస కొట్టివేయదు.

చెట్ల సంగతి. 2016 డిసెంబరు 12న వర్దా తుపాను ఈ నగరంలో వేలాది చెట్లను కూల్చినది. ఆ వీథిలోనూ తురాయిచెట్లు పడినవట. తరువాత కానుగ, వేప, పొగడ నాటినారు. మొదలు చుట్టూ సిమెంటు పోయకుండా ఒక గజం మేర మట్టి వదలిపెట్టినారు. వేళ్ళకు గాలీ నీరూ అందని చెట్టు గాలివానకు నిలవదని వారు నేర్చుకొన్న పాఠం. ప్రకటన బల్లలకు చెట్లకు కొట్టిన మేకులను పిల్లలచేత పీకించడం ఆదివారపు పని. పీకిన మేకులు ఒక డబ్బాలో పోసి నాకు చూపినారు, బరువుగానే వున్నది.

నీటి లెక్క ఇంకా బాగున్నది. మాడు పగిలే ఎండలో లారీనీటికి క్యూ కట్టే ఈ ఊరిలో ఏడాదికి సుమారు 140 సెంటీమీటర్ల వాన కురుస్తుంది. అక్కడి కొలతలో ఒక గ్రౌండు అంటే 2,400 చదరపు అడుగులు. ఒక గ్రౌండు మీద పడే వాననంతా పట్టితే మూడు లక్షల లీటర్లకు మించుతుంది. 12,000 లీటర్ల లారీలు 25కు పైమాట! 2003లో తమిళనాడు ప్రభుత్వం ప్రతి కట్టడానికీ వాననీటి ఇంకుడు ఏర్పాటు తప్పనిసరి చేసినది. చేయించినవారు అందరే గాని, ఏటేటా పూడిక తీయించేవారు ఎందరు? ఈ వీథిలో పురట్టాసి నెలలోనే, అనగా ఈశాన్య వానలకు ముందే, ఇంటింటా గొట్టాలు శుభ్రం చేయిస్తారు. 2019 వేసవిలో నగరమంతా నీటికి అల్లాడినప్పుడు తమ బావులలో అడుగున కొంచెం చెమ్మ మిగిలినదని ఒక పెద్దమనిషి గర్వంగా చెప్పినారు.

రెండవ సాయంకాలం ఒకరి కారుషెడ్డులో కమిటీ కూడినది. తమిళులు, తెలుగువారు, ఒక మార్వాడీ గృహస్థు. మాటలన్నీ తమిళంలో, చమత్కారాలు ఎవరి భాషలో వారివి. ఒక యువకుడు లేచి, వీథికి అందం రావాలంటే కానుగచెట్టు క్రింది ఇస్త్రీబండినీ, మూలనున్న పూలమ్మినీ పంపివేయాలనీ, భద్రతకు ఇంకా రెండు కెమెరాలు పెట్టించాలనీ ప్రతిపాదించినాడు. 2017, 2018 ప్రాంతాన నగర పోలీసువారు ‘మూడవ కన్ను’ అని కెమెరాలను ప్రోత్సహించిన నాటినుంచి ఆ వీథిలో కొన్ని వున్నవి. వదిన అతని మాట పూర్తిగా విన్నది. “కెమెరా దొంగ వెళ్ళిన తరువాత చూపిస్తుంది నాయనా. పోయిన వానలలో కాలువమూత కొట్టుకొని పోయినప్పుడు, బడినుంచి వచ్చే పిల్లలను ఆపి నిలబెట్టినది ఇస్త్రీ అతను. అతన్ని పంపివేస్తే ఆ చోట ఎవరు నిలబడతారు?” అన్నది. వాదం గంటసేపు నడిచినది. చివరకు కెమెరా ఒకటి పెట్టించాలనీ, ఇస్త్రీబండి దీపస్తంభం ప్రక్కకు జరిగి వుండాలనీ, పూలమ్మి కదలనక్కరలేదనీ తీర్మానమైనది. యువకుడు పూర్తిగా ఒప్పుకోలేదు. ఒప్పుకోలేదని కూడా పుస్తకంలో వ్రాసినారు.

మూడవనాడు తెల్లవారగానే చీపురుతో వచ్చిన ఒకామెను చూచినాను. వదినా నేనూ తెలుగులో మాట్లాడుకొంటుంటే, ఆమె తెలుగులోనే, “ఏ ఊరయ్యా?” అని అడిగినది. నేనూ అదే అడిగినాను. “నెల్లూరు దిక్కంట సామీ. మా తాత కాలంలో వచ్చినారు” అన్నది. చెన్నపట్నాన్ని తరతరాలుగా ఊడుస్తున్నవారిలో తెలుగు మాట్లాడే కుటుంబాలు చాలా వున్నవి. త్యాగరాయ చెట్టిగారి పేరు చెప్పుకొని పొంగిపోయే మనకు వీరి సంగతి జ్ఞాపకం రాదు. వారి పిల్లలకు తెలుగు చదువు లేదు. మన ఉగాది కచేరికి వారికి పిలుపు లేదు. వానలో చేతికి తొడుగు లేకుండా గాజుపెంకులు ఎత్తేది వారే.

ఆ కమిటీ పొడిచెత్త, తడిచెత్త వేరుచేయడాన్ని పట్టుదలగా నడపడానికి కారణం ఇదే. 2016 నాటి కేంద్ర ప్రభుత్వ నియమాలు ఎటూ వేరుచేయమన్నవి. కాని వదిన ఇంటింటికీ చెప్పే మాట చట్టం మాట కాదు. “పగిలిన గ్లాసు కాగితంలో చుట్టి, పైన వ్రాసి పెట్టండి. ఆమె చెయ్యి తెగుతుంది” అని చెబుతుంది. ఆ మాట అందరికీ అర్థమవుతుంది.

2022లో తమిళనాడు ప్రభుత్వం నగరాలలో వార్డు కమిటీలకూ ఏరియా సభలకూ నియమాలు చేసినది. మన తెలుగువారు నాలుగు తరాలుగా వున్న ఊళ్ళలో కూడ ఇటువంటి సభలకు పోవడానికి వెనుకాడుతారు, అద్దెకున్నట్టు. అవి తమ సభలే అనుకొని పోవాలి. పోయేటప్పుడు వీథి ఊడ్చే ఆమెనూ, ఇస్త్రీ చేసే అతన్నీ వెంట పిలుచుకొని పోవాలి. కాలువ ఎక్కడ పొంగుతుందో మనకంటె ముందు వారికి తెలుసు. రాబోయే ఉగాదికి మన సంఘంవారు ఆహ్వానపత్రికలు వ్రాసేటప్పుడు, ఆ సభ్యుల పట్టీకి క్రింద మన వాకిలి ఊడ్చేవారి పేర్లు కూడ కనుక్కొని చేర్చవలసినదిగా కార్యవర్గాన్ని కోరుతున్నాను.