ఊరి ఆబోతు

మన ఒంగోలు జాతి ఆవు బ్రెజిల్ దేశమున కోట్ల వెల పలికినదని పత్రికలలో చదివి ఈ ప్రాంతమువా రెల్లరు పొంగిపోయిరి. వియాటినా-19 అను ఆ యావునకు 2023లో 40 లక్షల డాలర్లకు మించిన విలువ కట్టిరట. సంతోషింపదగినదే. అయితే ఆ వార్త చదివినప్పుడు మాకు తోచిన ప్రశ్న వేఱు. అంత గొప్ప సంతతికి మూలమైన పశువు లెన్ని? ఆ మూలము మన గుండ్లకమ్మ తీరమున నేడెట్లున్నది? సోదరీమణులు ఈ సంగతిని కొంచె మాలోచింపవలెనని నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఒంగోలు జాతిని బ్రెజిల్‌వారు నెలోరి యందురు. నెల్లూరు పేరే అట్లు మాఱినది. 19వ శతాబ్దమున ఒకటి రెండుగా ఓడలమీద చేరిన ఈ పశువులు 1930లోను, మరల 1962 ప్రాంతమునను మందలుగా పోయినవి. 1962లో పోయినవానిని ఫెర్నాండో డి నొరోన్హా యను సముద్రమధ్యమందలి దీవిలో కొంతకాలము నిలిపి, రోగములు లేవని తేల్చుకొనిన పిమ్మటనే లోపలికి రానిచ్చిరి. వానిలో కర్వాది యను ఆబోతు మిక్కిలి పేరుపొందినది. ఆ పేరు మఱేదియు గాదు. ఒంగోలునకు చేరువనున్న మన కరవది గ్రామమే. తాజ్‌మహల్, గోదావరి యను పేళ్ళుగల ఆబోతులును ఆ కాలమున పోయినవే. నేడక్కడ ఆ తెల్లని పశువులు కోట్ల సంఖ్యలో నున్నవి. కాని వంశావళులు లెక్కకట్టిన పండితులు తేల్చినదేమన, ఎటు చూచినను తాతముత్తాతలుగా కొలది యాబోతులే మరల మరల వచ్చుచున్నవి. అక్కడ వానిని ముఖ్యముగా మాంసమునకై పెంచుచున్నారను మాటను మనవారు పొంగిపోవునప్పుడు తలపరు. అది వేఱు ప్రస్తావము.

ఇందు కీడేమని అడుగవచ్చును. ప్రతి దూడకును తల్లినుండి సగము, తండ్రినుండి సగము లక్షణబీజములు వచ్చును. వీనినే జన్యువు లందురు. కొన్ని లోపములు ఒక ప్రక్కనుండి మాత్రమే వచ్చినచో అణగియుండును. రెండు ప్రక్కలనుండియు వచ్చినచో బయటపడును. తల్లిదండ్రులు దగ్గఱి చుట్టములైనచో ఒకే లోపము ఇరుప్రక్కల నుండుటకు వీలెక్కువ. అప్పుడు చూలు నిలువకపోవుట, దూడ నీరసముగా పుట్టుట మొదలగునవి మెల్లమెల్లగా కానవచ్చును. మెల్లగా గనుకనే యెవరును గమనింపరు.

చిన్న జీవులయందు ఈ సంగతి సులభముగా తెలియును. పూలకుండీ నెత్తినచో క్రింది తేమలో పదునాలుగు కాళ్ళ బూడిదరంగు జీవులు పరుగిడుట, వానిలో కొన్ని ముట్టగానే ఉండవలె చుట్టుకొనుట మీరు చూచియుందురు. ఇవి పురుగుల జాతి కావు. ఎండ్రకాయలకును రొయ్యలకును చుట్టములు. తల్లి గ్రుడ్లను పొట్టక్రింది సంచిలో మోయును. ఇతరదేశములలో వీనిని గాజుపెట్టెలలో ముచ్చటకై పెంచువారు పెక్కండ్రు కలరు. తెలుపుమీద నల్లమచ్చల రకమునకు ‘పాడియావు’ అని పేరుకూడ పెట్టిరి! ఆ రంగు నిలుపుటకు ఆ రంగువానినే వేఱుచేసి, వానిలో వానికే సంతానము కలిగింతురు. పదింటితో మొదలిడి మూతవేసిన పెట్టెలో కొన్ని తరములు గడచునప్పటికి అన్నియు రక్తసంబంధులే. అందుచే తెలిసినవారు అప్పుడప్పుడు వేఱొకరి పెట్టెనుండి కొన్నిటిని తెచ్చి కలుపుదురు. పెట్టె చిన్నది గనుక యజమానికి ఈ మాట త్వరగా తట్టును. సముద్రములే మూతగా గల బ్రెజిల్ మందయు నొక పెట్టెయే. పెద్ద దగుటచే అట్లు తోచదు.

మన పెద్దలకు ఈ భయము తెలియనిది కాదు. గోత్రమను మాటకు మొదటి యర్థము ఆలకొట్టమే. ఒకే కొట్టమువారికి పెండ్లి కూడదనిరి. తండ్రివైపున అంత గట్టిగా మూసిన తలుపును తల్లివైపున మేనరికమని మనము బార్లా తెఱచితిమి. లెక్క చూడుడు. తండ్రి యాబోతునకే కూతురు పెయ్యను కట్టించినచో, ఒకే పూర్వీకుని జన్యువు రెండు ప్రక్కలనుండియు దూడకు చేరు అవకాశము 4లో 1 వంతు. మేనమామకు మేనకోడలి నిచ్చినచో వారి బిడ్డకు 8లో 1 వంతు. మేనత్త మేనమామ బిడ్డలైనచో 16లో 1 వంతు. పెయ్య విషయమున ఛీ యనువారే, పిల్ల విషయమున ఆస్తి బయటికి పోదని సంతసించుట మాకెన్నడును అర్థము కాలేదు.

పూర్వము ఇంటిపెద్ద గతించినప్పుడు వృషోత్సర్గము చేయుట కలదు. అనుభవజ్ఞులగు రైతులు ఊరూరు తిరిగి, మూపురము, గంగడోలు, నడక చూచి, తల్లి పాడి విచారించి కోడె నేరెడివారు. దానికి అచ్చువేసి విడిచినచో ఏ చేనిలో మేసినను తోలెడివారు కారు. పని లేక తిరుగువానిని తిట్టుటకు నేడు మిగిలిన ‘అచ్చోసిన ఆంబోతు’ ఆ కాలమున గౌరవపదము. ఇట్లు ఊరికొక యాబోతు చొప్పున, పదియూళ్ళ మందకు పదిమంది తండ్రు లుండిరి. “ఈ పెయ్యకు మన యాబోతు తండ్రిరా, పొరుగూరికి తోలుకొనిపో” అని మా నాయనమ్మ పాలేరునకు చెప్పుట మాకు జ్ఞాపకము. ఆమెకు అక్షరములు రావు. మూడు తరముల పశువుల చుట్టరికములు మాత్రము నోటికి వచ్చును.

పిమ్మట ట్రాక్టరు వచ్చి దుక్కిటెద్దుల పని పోయినది. పాలకు గేదెలును, జెర్సీ సంకరములును వచ్చినవి. బండలాగు పందెములవారు గిత్తలను ప్రాణముగా పెంచుచున్నమాట నిజమే. వారు చూచునది బలమొక్కటియే. మిగిలిన ఆవులకు ఆబోతు రాదు, సూది వచ్చును. సున్నకు దిగువ 196 డిగ్రీల చలిలో దాచిన బీజము ఒక్క యాబోతునుండి వేలకొలది ఆవులకు చేరగలదు. మేము దీనిని నిందింపము. మంచి యాబోతు లేని పల్లెకు అదియే దిక్కు. మా గుంటూరునకు ఉత్తరమున అమరావతి బాటలోనున్న లాం పశుపరిశోధనాస్థానమువారును, నెల్లూరు జిల్లా చింతలదేవిలోని జాతీయ కామధేను కేంద్రమువారును ఈ జాతిని నిలుపుటకు పాటుపడుచున్నారు. కాని ప్రతి కొట్టములోని చుట్టరికములు వారికెట్లు తెలియును? కసవు వేసి, పేడ యెత్తి, పాలు పితుకునది ఇంటి యాడుదియే గదా.

బ్రాడీపేటలో కొట్టములు లేవు. తెల్లవాఱునప్పటికి గుమ్మములో ప్యాకెట్టు పాలుండును. అయినను పెక్కిండ్లవారికి పల్లెలో పొలమును, ఆవులున్న చుట్టములును కలరు. వారికి వ్రాయునప్పుడు ఈ మాటయు చేర్పుడు. సూది వేయు గోపాలమిత్ర తెచ్చు సన్నని గొట్టముపై ఆబోతు సంఖ్య ముద్రించియుండును. దానిని పాఱవేయకమునుపే అడిగి, పాలపద్దు ప్రక్కన ఒక పుటలో ఆవు పేరు, దినము, ఆ సంఖ్య వ్రాసికొనవలెను. ఈనినపిమ్మట దూడ పుట్టిన దినమును అక్కడనే చేర్పవలెను. మూడేండ్లకో, కొంచెము ముందో పెయ్య ఎదకు వచ్చినప్పుడు ఆ పుట తీసి చూపి, “నాయనా, ఈ సంఖ్య దీని తండ్రిది; వేఱొకటి తెమ్ము” అని చెప్పవచ్చును.